పాలగుంట్ల, జమ్మలమడుగు తాలూకా

రెండో శనివారం కాబట్టి బాబ్జీకి ఆఫీసు లేదు. పొద్దున్నే స్నానం చేసి టిఫినుకు బొరుగుల ఉగ్గాణి కోసం ఎదురుచూస్తున్నాడు. పెరట్లో రూతమ్మ బట్టలు నానబెడుతోంది. నీళ్లలో వేసే ముందు కొడుకు చొక్కాల జేబులు తడమడం ఆమెకు అలవాటు. ఒకసారి పెన్ను సిరా కారి బకెట్టు బట్టలన్నీ పాడయ్యాయి మరి.

ఈసారి నాలుగు మడతల జిరాక్సు కాగితం దొరికింది. విప్పి రెండు వరుసలు చదివి, తడి చేతులతోనే గడప మీద కూలబడింది.

"ఏమయ్యా! ఇట్ల రా, బిన్నే రా!"

ఆనందయ్య పేపరు పక్కన పెట్టి వచ్చాడు. అది జానీబీ అనే ఆమె ఏదో సర్టిఫికెట్టు కోసం పెట్టుకున్న అర్జీ. పుట్టిన ఊరు అన్న చోట ఇలా ఉంది: పాలగుంట్ల, కొండాపురం మండలం, పాత జమ్మలమడుగు తాలూకా.

ఆయన ఆ వరుస కింద వేలు పెట్టి మళ్లీ చదివాడు.

ఆ ఊరి పేరు ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఎవరూ ఎత్తలేదు. ఆనందయ్య మిషను వాళ్ల దగ్గర పెరిగిన బిడ్డ. ఆ మిషను ఆసుపత్రిలోనే కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాడు. కన్నతల్లి ఎవరో, ఎందుకు వదిలేసిందో తెలియదు. అరవై అయిదేళ్ల వయసులో ఎవరో పాత రిజిస్టరులో ఆయన బాప్తిస్మం పేజీ చూపించారు. "ఆనందయ్య, మూడు నెలల బిడ్డ. తల్లి సంతోషమ్మ. పాలగుంట్ల, జమ్మలమడుగు తాలూకా." ఆరోజు ఆయన చిన్నపిల్లాడిలా పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాడు. కంప్యూటరులో ఆ ఊరు చూడమని కొడుకును బతిమాలాడు.

బాబ్జీ పనిచేసేది మండలాఫీసులో. ఊళ్లో అందరూ ఇప్పటికీ దాన్ని తాలూకాఫీసనే అంటారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక పుట్టినవాడు, రెండూ ఒకటే అనుకున్నాడు. జమ్మలమడుగు మండలం జాబితా తెరిచాడు, రెండు నిమిషాలు చూశాడు, మూసేశాడు. పాత తాలూకాను నాలుగైదు మండలాలుగా పంచారన్న సంగతి ఆ క్షణంలో వాడికి తట్టనే లేదు. "అట్లాంటి ఊరే లేదు నాయనా" అనేశాడు. ఎంత పని చేశాడు!

బిడ్డను వదిలించుకునే తల్లి నిజమైన ఊరు ఎందుకు చెబుతుందిలే అనుకున్నాడు ఆనందయ్య. ఆ తర్వాత మళ్లీ తల్లి మాట తలవలేదు.

"ఇది నీకు ఎప్పుడు దొరికె?" కాగితం పట్టుకుని కొడుకు ముందు నిలబడ్డాడు.

బాబ్జీ లేచి నిలబడ్డాడు. "మూడు వారాలాయ."

"మూడు వారాలు జేబులో పెట్టుకొని తిరుగుతాండావా?"

"ఎట్ల చెప్పేది నాయనా? ఆ ఊరు ఇప్పుడు లేదు. గండికోట డ్యాము నీళ్ల కింద మునిగిపాయ. అయిదేండ్లాయ."

"నేను నిన్ను అడిగినప్పుడు?"

బాబ్జీ తల వంచుకున్నాడు.

"అడుగుతాండా! అప్పుడు ఉండెనా, లేదా?"

"ఉండె నాయనా."

"బస్సెక్కితే గంట కదరా!" ఆనందయ్య అరిచాడు. "ఊరు ఉండె, దావ ఉండె. నువ్వు లేదంటివి. తొమ్మిదేండ్లు మాయమ్మను దొంగమనిషి అనుకుంటి కదరా!"

చెయ్యెత్తాడు. కొట్టలేక ఆ చేత్తోనే తన నెత్తి బాదుకున్నాడు. బాబ్జీ ఏడుస్తున్నాడు. రూతమ్మ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని లేచింది.

"ఏడుపులు మళ్లీ ఏడుద్దాం. ఈ జానీబీ బతికుండాది కదా? నడవండి, ముందు ఆమె కాడికి పోదాం."

మునిగిన ఊళ్లవాళ్లకు కట్టిన కాలనీలో, రేకుల వసారాలో మంచం మీద కూర్చుని ఉంది జానీబీ. ఎనభై ఏడేళ్లు. కళ్లు సరిగా ఆనవు.

"ఎవురోళ్లు నాయనా మీరు?"

ఆ ప్రశ్నకు డెబ్బై నాలుగేళ్లుగా ఆయన దగ్గర జవాబు లేదు. "పాలగుంట్ల సంతోషమ్మ కొడుకును" అన్నాడు.

జానీబీ చేతులు గాల్లో వెతికాయి. ఆయన ముఖం దొరికించుకుని తడిమింది. "యా అల్లా! సంతోషక్క బిడ్డవా? ఇన్నాళ్లూ యాడుంటివిరా?"

"ఆమె నన్ను ఎందుకు వదిలేసిందమ్మా?"

"వదిలేసిందా? ఎవురన్నారు ఆ మాట? క్షయ జబ్బు నాయనా ఆమెకు. మొగుడు దాంతోనే పాయ. బిడ్డ తన కాడుంటే బతకడని మిషను డాక్టరమ్మ చేతిలో పెట్టొచ్చె. ఏటా క్రిస్మస్‌కు నడిచిపోయి గేటు కాడ నిలబడతాండె. జబ్బు నీకు అంటుకుంటాదని లోపలికి పోతాండలేదు. 'పిల్లోళ్లందరికీ ఒకే రకం అంగీలు జానీ, నా బిడ్డ యాడుండాడో తెలీలేదు' అని వచ్చి ఒకటే ఏడుపు. నాలుగేండ్లు అట్ల పోయొచ్చి, చచ్చిపాయ."

ఆనందయ్య నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. రూతమ్మే అడిగింది, "సమాధి యాడుండాది అవ్వా?"

"వాగు గట్టున ఉండె. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఎవురోళ్ల ఎముకలు వాళ్లు తవ్వుకొని తెచ్చుకునిరి. సంతోషక్కకు ఎవురుండారు? నేను ముసల్దాన్ని, గడ్డపార ఎత్తగలనా? ఎవురన్నా వస్తారేమోనని మూడు దినాలు చూస్తి. తర్వాత నీళ్లొచ్చె."

బాబ్జీ అక్కడే నేల మీద కూలబడి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. "నేను చంపినా నాయనా. అవ్వను రెండోసారి నేనే చంపినా."

ఆనందయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత వంగి కొడుకు భుజాలు పట్టి లేపాడు.

"నువ్వు రెండు నిమిషాలన్నా చూసినావురా. నేను అదీ చూడలేదు. మాయమ్మ మీద నాకు శానా కోపం ఉండె. అబద్ధం చెప్పిందనుకోవడమే నాకు బాగుండె." కొడుకును దగ్గరికి తీసుకుని ఆయన కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం నీళ్ల ఒడ్డుకు వెళ్లారు. వాగు ఎక్కడిదో, గట్టు ఎక్కడిదో చెప్పేవాళ్లు లేరు. ఎటు చూసినా నీళ్లే. ఆనందయ్య చెప్పులు విప్పి మోకాళ్లలోతు దిగి ప్రార్థన చేసుకున్నాడు.

"కాలనీ సమాధుల కాడ ఒక రాయి నిలబెడదాం నాయనా," బాబ్జీ మెల్లగా అన్నాడు. "అవ్వ పేరు, ఊరు చెక్కిస్తా. కొండాపురం మండలం అని..."

"వద్దు. జమ్మలమడుగు తాలూకా అనే చెక్కించు," అన్నాడు ఆనందయ్య, నీళ్ల మీది నుంచి చూపు తిప్పకుండా. "మాయమ్మ చెప్పింది అదే."