ఆపకూడని చుక్క

"అన్నా, ఈ నీళ్ళు బంద్ చేసింది ఎవరు?"

ఖతర్‌లోని మెసయీద్‌లో, రిఫైనరీ కంపెనీ గెస్ట్‌హౌస్ తోటలో గజేందర్ గర్వంగా రెంచ్ ఎత్తాడు. "నేనే మేడమ్. పొద్దంత సుక్క సుక్క కారుతుంది. టేప్ సుట్టి టైట్ చేసిన. ఇగ ఏడేండ్లు ఫికర్ లేదు."

రిసెప్షన్‌లో పనిచేసే సుహాసిని తల పట్టుకుంది.

"అది లీకేజ్ కాదన్నా! ఈడ ఉండే జపాన్ ఇంజనీర్ హయాషి సార్ కావాలనే పెట్టిచ్చిండ్రు. కింద కుండ బోర్లించి పాతిపెట్టినం. చుక్క పడితే లోపల మోగుతది. సార్ రేపు వాపస్ జపాన్ పోతున్నరు. పోయే ముందు ఒక్కసారి వింటనన్నరు. నేను చూసుకుంటనని మాటిచ్చిన!"

గజేందర్‌కు నవ్వొచ్చింది. ఆమె కళ్ళు చూశాక ఆగిపోయింది. జగిత్యాల నుంచి వచ్చిన ఈ ఆరేళ్ళూ అతను చేసింది అదే పని. గోడలకు చెవి ఆనించి, చుక్క ఎక్కడుందో కనిపెట్టి, దాని నోరు మూయించడం. దాన్ని వినడానికి కుండ పాతేవాళ్ళు కూడా ఉంటారా?

టేప్ విప్పి వాల్వ్ తిప్పాడు. నీళ్ళు బుడబుడా దూకాయి.

"కుండకు స్నానం చేపిస్తున్నవా?"

"మరి ఎంత గావాలె?"

"సార్ రాసే కవితలు మూడే లైన్లుంటయి. ఓ వాన, ఓ చూరు, అంతే. మిగిలిందంత చప్పుడు చెయ్యకుండ ఉంటది. ఈ నీళ్ళు గూడ అట్లనే ఉండాలె."

గజేందర్‌కు సగమే అర్థమైంది. మిగతా సగం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలోంచి కుండ దాకా దిగిన వెదురు గొట్టానికి చెవి పెట్టాడు. వాల్వ్‌ను వెంట్రుకవాసి తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు. ఇన్నాళ్ళూ తప్పు పట్టడానికే విన్న చెవి మొదటిసారి ఊరికే వింది.

లోతులో ఎక్కడో చిన్న ఇత్తడి గంట మోగినట్టైంది. రిఫైనరీ హోరు ఎటో పోయింది.

"మీరూ వినుర్రి," అన్నాడు గుసగుసగా. ఆమె వంగింది. గొట్టం ఒక్కటే, చెవులు రెండు. అతను ఊపిరి బిగబట్టి పక్కకు జరిగాడు.

మర్నాడు పొద్దున హయాషి చాలాసేపు విన్నాడు. లేచి గజేందర్‌కు నడుము వంచి నమస్కరించాడు. గజేందర్ కంగారుగా తనూ వంగితే హెల్మెట్ జారి పడింది.

కారు వెళ్ళిపోయాక సుహాసిని అడిగింది: "నిజం చెప్పన్నా, నీకేం వినొచ్చింది?"

గజేందర్ నేలకేసి చూశాడు.

"ఒక సుక్క పడ్డది. ఇంకోటి పడలే. ఆ నడుమ... నువ్వున్నవ్."

సుహాసిని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మూడు లైన్లే," అంది. ముఖం ఎర్రబడింది. "అవునూ, మేడమ్ అనేటోనివి, అదేమైంది?"

"నువ్వు అన్నా అంటున్నవ్ గదా, అదేమైతదో ఇదీ అదే అయితది."

"అయితే రెండిటికీ టేప్ సుట్టి టైట్ చెయ్, గజేందర్."

కుండలో చుక్క మోగింది. ఇద్దరూ తర్వాతి దాని కోసం ఆగారు.