బెల్లు కొట్టని సైకిల్

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇది మా పక్కింటి వదిన నా చెవిలో చెప్పింది.

కాలువగట్టు సైకిళ్ల దారిలో వంతెన కింద చోటుకి మంచి పేరు లేదు. బ్యాటరీ సైకిళ్లను కూడా ఆ దారిలోకి రానిచ్చిన కొత్తలో, ఒకటి చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి ఓ ముసలి వాచ్‌మన్‌ని గుద్దేసింది. ఆయన సైకిల్‌కి లైటు లేదు. మనిషి కాలువలో పడ్డాడు... మళ్లీ లేవలేదు. అప్పట్నుంచీ చీకటి పడితే అక్కడ ఎవరూ ఒంటరిగా పోరంటారు — ఒంటరిగా పోతున్నామని అనుకుంటారు, అంతే.

వదిన లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇంటికి అదే దారి. కాస్త ఆలస్యమైతే చాలు, అన్నయ్య మొహం గంటు పెట్టుకునేవాడు. ఇలాగైతే పని మానిపించేస్తానని కూడా అన్నాడు.

ఆ రోజు చీకటి పడ్డాక వంతెన కిందకి వచ్చేసరికి, వెనకాల కంకర నలిగింది.

తొక్కడం ఆపింది. అదీ ఆగింది.

కదిలింది. మళ్లీ కరకర... మోటారు మోత లేదు, బెల్లు లేదు.

ఏ బ్యాటరీ సైకిలో అయ్యుంటుందిలే అని పక్కకి జరిగి దారిచ్చింది. ఏదీ దాటిపోలేదు.

“వెళ్లండి...” అంది.

ఎడమ భుజం మీద తడి గాలి — ఎవరో ఊపిరి వదిలినట్టు.

ఇల్లు చేరేదాకా వెనక్కి చూస్తే ఒట్టు.

అన్నయ్య బనీనుతో వాకిట్లో కూర్చున్నాడు, సాయంత్రం నుంచీ అక్కడే ఉన్నట్టు. కానీ ఒళ్లంతా చెమట. వదినకి ఎక్కడో తట్టింది. గోడకి ఆనించిన ఆయన బ్యాటరీ సైకిల్ దగ్గరికెళ్లి, చక్రం మధ్యనుండే మోటారు మీద చెయ్యి వేసింది.

వేడిగా ఉంది.

వెనకొచ్చింది దెయ్యం కాదు, మొగుడు. భయం పోయి ఒళ్లు మండింది.

“నా మీద కాపలా కాస్తున్నారా?”

ఆయన తల దించుకోలేదు. “అవును, లైటు ఆర్పుకుని మరీ వచ్చాను. వంతెన దాటాక అడ్డదారిన నీకంటే ముందే ఇంటికొచ్చేశాను. వంతెన కింద నిన్ను ఆనుకుని వచ్చాడే... వాడెవడు?”

“నా పక్కన ఎవరూ లేరు.”

“నీ లైటు వెలుగులో చూశానుగా. ముసలాడు. వాడి సైకిల్‌కి లైటు కూడా లే...”

ఆయన లేచి వీధి తలుపు గడియ పెట్టేశాడు.

పొద్దున్నే వదిన తన సైకిల్ బెల్లు ఊడదీసి ఆయన సైకిల్‌కి బిగించింది.

“ఇవాళ్టినుంచి ఇది కొడుతూ రండి,” అంది. “వెనకాల కాదు. నా పక్కన.”