పెద్దమ్మల గది

పుత్తూరు ప్లాట్‌ఫాం మీద కత్తిపోటుకు కూలిన ఏజెంట్ ఏకాంబరం చివరిగా అన్నది రెండే మాటలు: "పెద్దమ్మల గది."

వారం తర్వాత తిరుపతిలో, చీటీల కంపెనీ బోర్డు తగిలించిన నిఘా ఆఫీసులో, చీఫ్ దేవనాథన్ ఫైలు ముందుకు తోశాడు.

"అదొక వెబ్‌సైటు జాహ్నవీ. తల్లుల ఫోరం. నీ జవాబుకు ఎవరైనా థాంక్స్ నొక్కితే ఒక పాయింటు. ప్రశ్న అడిగితే అయిదు పోతాయి. చేరగానే చెల్లి, వందకు అక్క, అయిదొందలకు పెద్దమ్మ. పెద్దమ్మలకు మాత్రమే తెరుచుకునే గదిలో విదేశీ ముఠా మాట్లాడుకుంటోంది. మోడరేటర్ శ్రీరంజని మన మనిషే."

"నేనెందుకు సార్? పదో తరగతి కూడా ముగించలేదే."

"నీకు బిడ్డ ఉంది. ఆ వేషం మా వాళ్లెవరికీ కుదర్లేదు."

అయిదు నెలలు 'కొండకోయిల' పేరుతో జాహ్నవి జవాబులు రాసింది. తెలిసినవి రాసింది. తెలియనివి ఊహించి రాసింది. 2007 జూన్‌లో ఒక గురువారం లెక్క అయిదొందలకు చేరింది. సరిగ్గా అయిదొందలు.

శుక్రవారం పదిన్నరకు ఆమె ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని గదిని కాపలా కాస్తుంటే సెల్ మోగింది. వడమాలపేట నుంచి అత్త చంద్రకాంతమ్మ.

"మే, పాపకు ఒళ్లు కాలిపోతాండాది. కాళ్లు మాత్రం సల్లగుండాయి. డాక్టరు ఊళ్లో లేడు. ఏం సేసేది?"

"ఆటో పిలిపించి ఈడికి తీసుకురా అత్తా. నాకు పనుండాది."

"బిడ్డకంటే ఏం పని మే?"

ఫోన్ పెట్టేసరికి వెనక సెంటు వాసన. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. శ్రీరంజని!

"బిడ్డకు జ్వరమా? ఫోరంలో అడుగు మరి. ఇంతమంది తల్లులుండారు, నిమిషంలో చెప్తారు." నవ్వింది. "పోయేది అయిదు పాయింట్లే కదా."

అయిదు పోతే గది మూసుకుంటుంది. ఈమె ఎవరి మనిషో జాహ్నవికి అప్పుడర్థమైంది. 'పాపకు జ్వరం' అని టైప్ చేసిన వేళ్లు ఆగిపోయాయి. చెరిపేసింది.

అంతలో గదిలో కొత్త మెసేజ్: "బాబుకు రెండో ఏట పుట్టెంట్రుకలు తీయిస్తున్నాం. పదకొండుకు. ఏడో సత్రం, నలభైమూడో గది."

సరి ఏట పుట్టెంట్రుకలు తీయించే తల్లి ఈ చుట్టుపక్కల లేదు. రాసింది తల్లి కాదు. ఏకాంబరం చచ్చింది చెన్నై లైన్లోని రైల్వే ప్లాట్‌ఫాం మీద. అంటే చెన్నై రైలు, ఏడో పెట్టె, నలభైమూడో సీటు!

శ్రీరంజని సెల్ లాక్కోబోయింది. జాహ్నవి హ్యాండ్‌బ్యాగులోని గిలక్కాయ నొక్కింది. అందులో డిపార్ట్‌మెంటు దాచిన సైరన్‌కు సెంటరంతా లేచి నిలబడింది.

"సార్, ఉగ్గుగిన్నె దొరికింది!" దేవనాథన్‌కు ఫోన్‌లో కోడ్ చెప్పి, మిగతాది గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

నగరిలో రైలు ఆపారు. బాంబు పాలఫ్లాస్కులో ఉంది. పది యాభైతొమ్మిదికి వైరు తెగింది.

"శభాష్," అన్నాడు దేవనాథన్ ఫోన్‌లో. "సెక్యూరిటీ కోసం కొండకోయిల అకౌంటు తీసేశాం."

"శ్రీరంజని?"

"మోడరేటర్‌గానే ఉంటుంది. ఆమెతో ఇంకా పనుంది."

పాపతో బయల్దేరిన ఆటో ఇంకా రేణిగుంట చేరలేదు. జాహ్నవి కొత్త పేరుతో చేరింది. చెల్లి. చేరినందుకు ఊరికే ఇచ్చే అయిదు పాయింట్లూ పెట్టి అడిగింది: "ఒళ్లు కాలిపోతోంది, కాళ్లు చల్లగా ఉన్నాయి. దారిలో ఏం చేయాలి?"

నిమిషంలో ఒక పెద్దమ్మ పలికింది: "అడిగేముందు ఎతకొద్దా చెల్లీ? దీనికి ఎప్పుడో జవాబిచ్చినారు."

లింకు నొక్కింది. 'కాళ్లు చల్లబడితే జ్వరం దిగుతున్నట్టే. భయం లేదు. — కొండకోయిల.' థాంక్స్: రెండొందల పన్నెండు.

పాయింట్ల కోసం తను ఊహించి రాసిన జవాబు. అకౌంటు పోయినా అది పోలేదు.

అది వట్టి ఊహేనని, నమ్మొద్దని కింద రాయబోయింది. జవాబు రాసే గడి తెరుచుకోలేదు. ఎర్ర అక్షరాలు మెరిశాయి:

'పెద్దమ్మ మాటను తప్పుపట్టే హక్కు చెల్లెళ్లకు లేదు.'