దేవుడి గింజలు

పొయ్యి రాజేసి ఎసరు పెట్టాక, జయకుమారి అలవాటుగా పిడికెడు జొన్నలు తీసి దేవుడి ముంతలో వేసింది. దర్శి పక్కన ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్లన్నిటా అదే ఆచారం. వండే ముందు పిడికెడు దేవుడికి తీసిపెడతారు. ముంత నిండిన ఆదివారం ఆ గింజలన్నీ ప్రభువు గుడికి చేరతాయి. వాటి బాధ్యత ఆమె భర్త, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి బాలస్వామిది.

"ఏమండీ, గుడి గదిలో బస్తాలు ఊరికే పడున్నాయి. పల్లెలో పొయ్యిలు వెలగడం లేదు. పంచేద్దామండీ," అంది.

కూలి పెంచమని పల్లెవాళ్లు మిరప కోతలు ఆపి చాన్నాళ్లయింది. రైతులు దిగిరాలేదు.

బాలస్వామి బైబిలు మూసి కసురుకున్నాడు. "అవి దేవుడివి. ముట్టుకుంటే పాపమని నేనే చెప్పి, నేనే పంచనా? పైగా రైతులు ఊరుకుంటారా? నేను పాఠాలు చెప్పే మిషను బడి మూయిస్తారు."

"మీ అమ్మా పస్తులే ఉంటోందండీ."

"వచ్చి తినమన్నాగా! ఎవరొద్దన్నారు?"

అత్త అంకమ్మ రాదు. తనూ కోతకెళ్లే మనిషే. తోటి కూలోళ్లు కడుపు మాడ్చుకుంటుంటే కొడుకింట్లో ఎలా తింటానంటుంది. కోడలు పట్టుకెళ్లిన సంకటి పక్కింటి పిల్లలకు పెట్టేస్తుంది. ముసలిదానికి అంత మొండితనం. మొగుడి మొండితనమూ అక్కణ్ణుంచి వచ్చిందేనని జయకుమారికి తెలుసు.

"ఆకలిగా ఉన్నవాళ్లకు పెట్టమన్న ప్రభువు, ఇవి మాత్రం దాచమన్నాడా?"

"నాకు వాక్యం నేర్పకు!" అని అరిచాడు.

ఆమె సంకటి కెలికి దించింది. సంకటి గిన్నె పట్టుకుని అత్త గుడిసెకు నడిచింది. పిలిస్తే పలకలేదు. తడిక నెట్టి చూస్తే అంకమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

కబురు అందగానే బాలస్వామి పరుగెత్తుకొచ్చాడు. గూట్లో గుడ్డ కట్టిన ముంత కనిపించింది. విప్పితే అంచుదాకా జొన్నలున్నాయి.

"ఇన్ని గింజలుండగా..." అన్నాడు.

పక్కింటి వెంకాయమ్మ కళ్లొత్తుకుంది. "నేనూ అన్నానయ్యా, వండుకోవే అని. దేవుడివి ముట్టుకుంటే పాపమని నా కొడుకు చెప్పాడు కదే, అంది."

"ఎంత పని చేశానమ్మా!" బాలస్వామి తల్లి కాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జయకుమారికి అతన్ని కడిగేయాలనీ ఉంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంది. చివరికి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

సమాధి చేసి వచ్చాక గుడి గది తాళం అతనే తీశాడు.

"రైతులకు నేను చెప్పుకుంటా. అందర్నీ పిలువు, జయా."

గుడి ముందే జొన్నలు దంచి గంజి కాచారు. పిల్లలూ పెద్దలూ గిన్నెలతో వచ్చి కూర్చున్నారు. ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, అన్నారెవరో. బాలస్వామి చేతులు జోడించి, మళ్లీ దించేశాడు.

"ముందు తినండమ్మా," అన్నాడు. "దేవుడేమీ అనుకోడు."

తల్లితో అనాల్సిన మాట అది. జయకుమారి కొంగు నోట్లో కుక్కుకుని గంజి పొయ్యసాగింది.