దాగలి మీద మూడు గుర్తులు

ఉదయం 5.50. గరివిడి.

ఫ్యాక్టరీ వెనక మూల, పాత కొలిమి దగ్గర యజమాని నరసింగరావు శవం. కణత మీద గాయం. చేతిలో సుత్తి. దాగలి ఇనుప దిమ్మె మీద సగం సాగిన నాగలి కర్రు.

కమ్మరి కుటుంబం. కర్రులతో మొదలై, ఎడ్లబండి చక్రాలు, ట్రాక్టరు ట్రాలీలు దాటి, ఇప్పుడు బ్యాటరీ ఆటోలు తయారుచేస్తోంది.

శవాన్ని మొదట చూసింది అప్పుడే డ్యూటీకొచ్చిన వాచ్‌మన్ రాముడు. ఒకప్పుడు ఆ కొలిమిలోనే పని నేర్చినవాడు.

ఎస్సై కుమారి, నరసింగరావు కొడుకు ఉపేంద్రని నిలబెట్టింది.

"నిన్న సాయంత్రం నాన్నతో గొడవెందుకు?"

"కొలిమి పీకేసి పెయింట్ బూత్ కడతానన్నాను."

"ఈ ఉదయం అయిదింటికి ఎక్కడున్నావు?"

"నిద్రలో."

"సాక్షి?"

ఉపేంద్ర తల అడ్డంగా ఊపాడు.

అతని తల్లి పేరు చిన్నతల్లి. గోడవార కూర్చుంది. ఏదడిగినా "ఏటి?" అంటుంది. రెండుసార్లు అడగాలి. టీ చల్లారిపోయినా గ్లాసుని కొంగుతోనే పట్టుకుంది.

కొడుకుని జీపెక్కించారు. ఆమె చూస్తూనే ఉంది. శవంతో పాటు ఆస్పత్రికనుకుందేమో, ఎందుకని అడగలేదు.

కుమారి కర్రు అందుకుంది. ఒక పక్క రేకులా పలచబడి చీలింది.

"రాముడూ, ఇదేంటి?"

"ఎరుపు పోయినాక కూడా సమ్మెట పడిందమ్మా. మా అయ్యగారు ఒప్పుకోరే!"

"సమ్మెట కొట్టే రెండో మనిషికి ఆపమని ఎలా చెబుతారు?"

"నోటితో సెప్పరమ్మా. ఒట్టి దాగలి మీద సుత్తితో టంగుమనిపిస్తారు. సమ్మెట ఆగిపోవాల."

తుప్పు పట్టిన దాగలి అంచున మూడు మెరిసే గుర్తులు.

నరసింగరావు మూడుసార్లు ఆపమన్నాడు. సమ్మెట ఆగలేదు.

కోపంతో కాదు. వినపడక.

మధ్యాహ్నం 2.15. డాక్టర్ ఫోన్. గుండెపోటు. కూలినప్పుడు కణతకి దాగలి తగిలింది.

కుమారి ఉపేంద్రని వెనక్కి రప్పించి, అందరినీ కొలిమి దగ్గరికి పిలిచింది. చిన్నతల్లి చేతుల మీది కొంగు మెల్లగా తొలగించింది. రెండు అరచేతులూ బొబ్బలే.

"సమ్మెట నువ్వే కదమ్మా?" చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"పెళ్లయిన కాణ్ణుంచీ నానే. ఆయన సుత్తి, నా సమ్మెట. కొలిమి తీసేస్తారంట, ఆకరి కర్రు కొడదాం రాయే అన్నాడు. తలొంచుకుని కొడతన్నాను. తలెత్తితే పడిపోయున్నాడు. పిలిస్తే పలకలేదు. నానే సంపేసినానని బయమేసింది."

"నన్ను పట్టుకెళ్తుంటే చెప్పలేదేమే అమ్మా!" ఉపేంద్ర ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నాకేటి ఇనబడింది గనక నాయనా!"

ఆమె కుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిజం సెప్పు తల్లీ. ఆయన ఆపమన్నాడేటి?"

కుమారి రెండో అరచెయ్యి దాగలి అంచున ఆనించింది. మూడు గుర్తులూ కప్పుకుపోయాయి. రాముడు మొహం అటు తిప్పేసుకున్నాడు.

"లేదమ్మా. ఒక్కసారి కూడా అనలేదు."

చిన్నతల్లి తన బొబ్బల వైపు చూసుకుంది.

"అయితే నా దెబ్బ ఇంకా బాగానే పడతన్నాది."