కనుమ మీద ఆగిన కండక్టరమ్మ

తెల్లారి ఆరింటికల్లా డ్రైవరు రెండు సైకిళ్ళ టైర్లనూ అరచేత్తో చరిచి చూశాడు, బస్సు టైర్లను చరిచినట్టే. లాడ్జి గుమ్మంలో కండక్టరమ్మ ఇంకా ఆరని మేజోళ్ళను సంచి మీద పిన్నీసులతో గుచ్చుతోంది. దారిలో ఎండకు ఆరతాయి. ఇల్లు వదిలి ముప్పై ఎనిమిదో రోజు, వెనక్కి తిరిగి తొమ్మిదో రోజు.

ఇరవయ్యారేళ్ళు ఒకే బస్సులో పనిచేసిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. ఆయనది స్టీరింగు, ఆమెది టికెట్ల మిషను. ఆమె "ఓల్డాన్" అంటే బండి ఆగేది, "రైట్ రైట్" అంటే కదిలేది. రిటైరవగానే సైకిళ్ళు కొన్నారు. వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, అరవయ్యేళ్ళకు మంచమెక్కి పడుకోవాలని ఏ చట్టంలో రాసుంది? ఊరూరా ఆగుతూ సముద్రం దాకా తొక్కారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. తిరుగుముఖం పట్టారు.

పద్ధతి మాత్రం బస్సుదే. ఆయన ముందు, ఆమె వెనక. ఆమె కేకేస్తే ఆగాలి. కేక లేకపోతే పోతూనే ఉండాలి.

ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, ఆదివారానికి వచ్చేస్తారుగా? సోమవారం నేను డ్యూటీలో చేరాలి. పాపను అమ్మ చూసుకుంటుందిగా?"

"చూసుకోకేం! నేనెప్పుడైనా బండి లేటుగా తెచ్చానా తల్లీ? ఆదివారం నాలుగింటికి మీ గుమ్మంలో ఉంటాం."

ఫోను పెట్టేశాక కండక్టరమ్మ అడిగింది. "నన్నూ ఓ మాట అడగొచ్చుగా?"

"అడగడానికేముంది? పోయేది ఇంటికేగా!" ఆయన అప్పటికే సీటెక్కాడు.

మనవరాలంటే ఆమెకు ప్రాణం. అది వేరే సంగతి. ముప్పై ఎనిమిది రోజులుగా ఆమె చూసిన లోకంలో సగం ఆయన వీపు. నీలం చొక్కా, దాని మీద చెమట మరక. ఆ వీపు వెనకే ఇంట్లోకి దూరితే ఇక మిగిలిన బతుకంతా అంతేనా? ఆమె పళ్ళు బిగించి పెడల్ మీద కాలేసింది.

కనుమ దిగుడు మొదలైంది. మంచు దట్టంగా ఉంది. నాలుగో మలుపు తిరగ్గానే, ఎవరో దుప్పటి లాగేసినట్టు ఆ మంచు పక్కకు తొలగింది.

లోయ! సముద్రానికి వెళ్తూ ఎక్కేటప్పుడు వీపు వెనక ఉండిపోయిన లోయ. కొండ మీద కొండ, దాని వెనక ఇంకో కొండ, అన్నిటి అడుగునా దారప్పోగంత నది. ఆమెకు తెలియకుండానే బ్రేకు పడింది. పిట్టగోడ దగ్గరికెళ్ళి కిందికి వంగింది. తన పాదాల కింద, చాలా కింద, ఓ గద్ద తిరుగుతోంది. పుట్టి అరవయ్యేళ్ళు, గద్ద కడుపే తప్ప వీపు చూసిందా ఎప్పుడైనా? గోధుమరంగు వీపు మీద ఎండ మెరుస్తోంది. రెక్క ఆడించడంలేదు. గాలే దాన్ని మోస్తోంది.

కేక వెయ్యాలని గుర్తుంది. అంతటి చోట "ఓల్డాన్" అని అరవడానికి మనసొప్పలేదు.

తలెత్తేసరికి దారి ఖాళీ. పావుగంటైంది, అరగంటైంది. ఫోన్లో సిగ్నలు లేదు. ఓ బస్సు వచ్చి పక్కనే ఆగింది. "అమ్మా, సైకిలు పైన కట్టేద్దామా?" అన్నాడు అందులోని కండక్టరు.

"తర్వాతి బండి ఎన్నింటికి?"

"గంటలో ఉంది."

"దాంట్లో వస్తాలే."

ఆ గంటలోపు మనిషి రాకపోతే బస్సెక్కి ఒక్కతే ఇంటికి పోవాలని అక్కడే తేల్చుకుంది. తిరిగి చూడని మనిషి వెనక ఇంకెన్నాళ్ళు?

గంట కావొస్తుండగా కింది మలుపులో ఒక తల కనిపించింది. పెడల్ మీద నిలబడి తొక్కుతున్నాడు. ఎర్రబడ్డ ముఖం, తెరుచుకున్న నోరు, కళ్ళలోకి కారుతున్న చెమట. ముప్పై ఎనిమిది రోజుల్లో ఆయన తొక్కుతుండగా ఆ ముఖం చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"ఏమైంది? పడ్డావా? పంచరా?"

"చూస్తున్నా."

"చూస్తున్నావా! ఏడు కిలోమీటర్లు పోయానే! ప్రతి మలుపులోనూ లోయలోకి తొంగిచూస్తూ ఎక్కాను, ఎక్కడ నీ సైకిలు కనిపిస్తుందోనని. ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"ఓసారి తిరిగి చూస్తే మెడ విరుగుతుందా? తిరుగుప్రయాణం మొదలైన కాణ్ణించీ నత్తలా తొక్కుతున్నావు, ఇవాళ దిగుడు దొరికేసరికి రెక్కలొచ్చాయేం? ఇరవయ్యారేళ్ళూ అంతే. బస్సు అద్దంలో మీసం దువ్వుకున్నావే గానీ నన్నెప్పుడు చూశావు?"

ఆయన సైకిలును గోడకు ఆనించాడు.

"మీసం కాదే. ఆ అద్దంలో నువ్వే కనిపించేదానివి. రద్దీలో నీ తల మునిగిపోతే నా కాలు బ్రేకు మీదికి పోయేది. సైకిలుకి ఆ అద్దం లేదు. తిరిగి చూస్తే హ్యాండిల్ ఊగుతుంది, నాకు భయం. నీ చక్రం టికటిక వింటూ పోతుంటాను. దిగుడులో పెడల్ ఆపితే నా చక్రమూ టికటికమంటుంది, ఇవాళ దాన్నే నీదనుకున్నా. కింద బ్రిడ్జి మీద ఆగి కాలు దించాక చప్పుడూ ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, వెనక ఎవరూ లేరని."

ఆమె గొంతు కొంచెం దిగింది. కోపం దిగలేదు. "మరి పొద్దున? సోమవారం నుంచి నేనేం చెయ్యాలో ఫోన్లో నువ్వే చెప్పేశావు. నేనేమైనా సీటు కింద తోసిన సామానునా?"

పైనుంచి హారన్ వినిపించింది.

"అదుగో బస్సు. ఎక్కేస్తున్నా."

"ఎక్కు. సైకిలు నేనే పైన కడతా. ఇక్కడ ఏం చూశావో మాత్రం చెప్పి ఎక్కు."

చెప్పబోయింది. మాటల్లో అయ్యే పని కాదు. విసురుగా చొక్కా పట్టుకుని పిట్టగోడ దగ్గరికి లాక్కెళ్ళింది. "నువ్వే చూడు!"

గద్ద ఇంకా తిరుగుతోంది. ఆయన చాలాసేపు వంగి చూశాడు. బస్సు ఆగింది, రెండుసార్లు హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.

"ఇరవయ్యారేళ్ళు కొండదారుల్లో బండి తోలాను" అన్నాడు చివరికి. "లోయ ఇలా ఉంటుందని నాకు తెలీదే. రోడ్డు మీది తెల్లగీత ఒక్కటే తెలుసు."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె ముఖం తిప్పుకుంది. "ఇక నేను ముందు" అంది.

కనుమ దిగాక చదునునేల మొదలైంది. బ్రిడ్జి దాటిన మరుక్షణం గాలి ఆమె రొమ్ము మీద చెయ్యేసి వెనక్కి తోసినట్టైంది. ఎంత తొక్కినా సైకిలు పాకుతోంది. ఈ గాలి ఇప్పుడే పుట్టిందా? కాదు. సముద్రానికి వెళ్ళేటప్పుడు వీపున చెయ్యేసి నెట్టిన గాలే ఇది. తొమ్మిది రోజులుగా ఎదురుగానే వీస్తోంది. ఆ నీలం చొక్కా అడ్డుంది కాబట్టి ఆమెకు తగల్లేదు, అంతే. ఆ మనిషిని పట్టుకుని తను నత్త అంది!

వెనకనుంచి ఆయన పిల్లాడిలా అరుస్తున్నాడు. "ఏమే, అటు చూడు! ఎన్ని కొంగలో! పొలం పొలమంతా తెల్లగా!"

ఆమెకు కొంగలు మసగ్గా కనిపించాయి. వేగం తగ్గించి ఆయన పక్కకు వచ్చింది. "తొమ్మిది రోజులుగా ఈ గాలంతా నువ్వే తిన్నావా?"

"నీకు మోకాలు నొప్పిగా."

"చెప్పొచ్చుగా మొండి మనిషీ!"

"చెబితే ముందుకొచ్చేదానివి."

మధ్యాహ్నం ఫోను ఆయనే చేశాడు. "తల్లీ, ఆదివారం సంగతి నేను మీ అమ్మను అడక్కుండా చెప్పాను, తప్పు నాదే. ఇదుగో, మీ అమ్మతోనే మాట్లాడు."

"మంగళవారం వస్తాం" అంది కండక్టరమ్మ. "సోమవారం మీ ఆయన్ని సెలవు పెట్టమను. పిల్ల ఆయనది కాదా?"

అవతల నవ్వు. "ఆయన పక్కనే ఉన్నారమ్మా. తల ఊపుతున్నారు. నువ్వు బాగున్నావా?"

"బాగున్నానే. గద్ద వీపు చూశాం."

సాయంత్రం గాలి పక్కకు తిరిగింది, ఎడమవైపునుంచి కొడుతోంది. ముందు దారంతా ఖాళీ. అంత ఆకాశం, అంత నేల, వాటి మధ్య తామిద్దరూ. ఆమె ఏమీ అనకుండా ఎడమపక్కకు జరిగి, ఆయనకు గాలి తగలకుండా తొక్కింది.