మూడు తాళాల గది

"ఈసారి ఎవర్నీ చంపే పని లేదు. కాపాడాల్సింది కూడా మనిషిని కాదు, పుస్తకాల్ని," అన్నాడు కర్నల్ మౌ.

ఏజెంట్ పదిహేడు మొహం చిట్లించాడు. అసలు పేరు లువాన్ షితింగ్. షాంఘైలో ఆయుధాల స్మగ్లర్లని పట్టుకున్నవాణ్ణి జినాన్ ఆఫీసుకి పిలిపించి పుస్తకాలకి కాపలా ఉండమంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

"నలభై ఒక్క వాల్యూములు. చింగ్‌దావ్ భూముల రిజిస్టర్. జర్మన్లు మొదలుపెట్టారు, ఎనిమిదేళ్ళుగా జపాన్ వాళ్ళు నడుపుతున్నారు. ఎల్లుండి, డిసెంబర్ పదిన, మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళ జెండా దిగి మన చైనా జెండా ఎక్కుతుంది. పన్నెండుంపావుకి మన కమిషనర్ ఆ గది తెరిపించి పుస్తకాలు స్వాధీనం చేసుకుంటాడు. ఆలోపే వాటిని తగలబెట్టాలని నల్ల కొంగ ముఠా ప్లాను."

"తగలబెడితే వాళ్ళకేం ఒరుగుతుంది?"

"నాయకుడు ఫాన్ రోస్ట్ దగ్గర దొంగ దస్తావేజులు సిద్ధంగా ఉన్నాయి. తైదుంగ్ పేట మొత్తానికి. అసలు పుస్తకం బూడిదైతే దొంగ కాగితమే సాక్ష్యం. మీ అమ్మ ఉండేది తైదుంగ్‌లోనే కదూ?"

లువాన్ మొహంలో వెటకారం ఎగిరిపోయింది. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల్ని జర్మన్లు ఖాళీ చేయించినప్పుడు ఆ జనం కొండ వెనక కట్టుకున్న పేట తైదుంగ్. అతని తల్లి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఒకసారి ఇల్లు వదిలింది. రెండోసారి వదలాల్సివస్తే ఆవిడ బతకదని అతనికి తెలుసు.

"అక్కడ మనకో మనిషి ఉంది. తమారా. రష్యా విప్లవంలో దేశం పోగొట్టుకుని వ్లాదివోస్తోక్ నుంచి వచ్చిన పాటగత్తె. ముఠా వాళ్ళు ఆమె తమ మనిషే అనుకుంటున్నారు," అన్నాడు కర్నల్.

"మరి మనం?"

"మనమూ అలాగే అనుకుంటున్నాం," అని కర్నల్ నిట్టూర్చాడు.

డిసెంబర్ పది ఉదయం తాళాల మేస్త్రీ వేషంలో, పనిముట్ల పెట్టెతో లువాన్ చింగ్‌దావ్ భూముల ఆఫీసుకి వచ్చాడు. చేతి గడియారంలో ఆకురాయి, జేబులో కన్నీటి పొగ చిమ్మే ఫౌంటెన్ పెన్ను. రికార్డు గది దగ్గర ముసలి గుమాస్తా చ్యూ ఎదురొచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గది ఆయన చేతుల మీదే ఉంది. దొరలు మారారు గానీ చ్యూ మారలేదు.

"ఇది జర్మన్ల తాళం, దీని కింద జపాన్ వాళ్ళది, ఇప్పుడు మనది," అంటూ చూపించాడు చ్యూ. "కొత్తగా వచ్చినవాడు తనదొకటి బిగిస్తాడే గానీ పాతది తీయడు నాయనా. మా ఊళ్ళో దొరతనం అంటే ఇంతే."

తలుపు పక్కన రెండు భాషల్లో రెండు నోటీసులు. రెండింటి సారాంశం ఒకటే: గదిలో తినుబండారాలు ఉంచరాదు.

"ఇదేం వాసన తాతా?" ముక్కు మూసుకున్నాడు లువాన్.

"చెమ్మ నాయనా, పాత గోడలు కదా," అనేసి చ్యూ చూపు తిప్పుకున్నాడు. జెండా వందనానికి సిబ్బంది అంతా మైదానంలో ఉండాలని ఆర్డరు. గది మేస్త్రీకి అప్పజెప్పి ఆయనా వెళ్ళిపోయాడు.

లువాన్ మూడో తాళం బిగించాడు. తాళంచెవి తిప్పి చూశాడు, భేషుగ్గా ఉంది. చెవి బయటే వదిలేసి పుస్తకాలు చూద్దామని లోపలికి నడిచాడు. ఇరవై రెండేళ్ళ చ్యూ ఉద్యోగంలో అలాంటి పొరపాటు ఒక్కటి కూడా లేదు.

అలమారల మధ్య నుంచి బొచ్చు కోటు వేసుకున్న ఒకామె ఇవతలికి వచ్చింది. గదిలో కిటికీ లేదు, ఆమె చేతిలో ఉన్న కొవ్వొత్తే వెలుగు.

"లావోషాన్ కొండ మీద మంచు పడుతోంది," అంది.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు లువాన్. కోడ్ కలిసింది. "తమారా మేడమ్, మీరిక్కడ..."

వెనక ఇనుప తలుపు ధడాలున పడింది. ఒక తాళం తిరిగింది. రెండోది తిరిగింది. మూడోది, అతను స్వహస్తాలతో బిగించింది, అన్నిటికంటే నున్నగా తిరిగింది.

"ఒకే దెబ్బకి రెండు పిట్టలు!" తాళం కన్నం లోంచి ఫాన్ రోస్ట్ గొంతు సన్నగా వినిపించింది. "మైనపు అచ్చులు తెచ్చిపెట్టినందుకు థాంక్స్ తమారా!"

అడుగుల చప్పుడు దూరమైంది. మూరెడు మందం గోడలు. అరిచినా వినేవాడు లేడు, భవనంలో పురుగు కూడా లేదు. టైము పదిన్నర.

తమారా కొవ్వొత్తి ఎత్తి చూపించింది. రొమ్ము ఎత్తులో ఉన్న ఇనుప అరకి గొలుసుతో కట్టి తాళం వేసిన ఒక రేకు డబ్బా, దానికో చిన్న గడియారం. "లోపల భాస్వరం ఉంది. పన్నెండింటికి మూత తెరుచుకుంటుంది. గాలి తగిలిందంటే గది మొత్తం అంటుకుంటుంది. గడియారం ఆపినా మూత తెరుచుకుంటుంది."

"ఇన్ని వివరాలు ఎలా తెలుసు?"

"పొద్దున్న పెట్టింది నేనే."

లువాన్‌కి ఒళ్ళు భగ్గుమంది. "సిగ్గు లేదూ?"

"నాకు దేశం కూడా లేదు. పాస్‌పోర్టు ముఠావాళ్ళు ఇస్తామన్నారు." ఆమె కొవ్వొత్తి అర మీద పెట్టింది. "కానీ నేనుండేది తైదుంగ్‌లోనే. పక్కింటి పిన్నిగారు రోజూ ఆవిరి రొట్టెలు పెడుతుంది. డబ్బా పెట్టి ఇంటికి వెళ్తే ఆవిడ గిన్నెతో నిలబడి ఉంది. తీసేద్దామని తిరిగొచ్చాను. ఈలోగా వాడు గొలుసు వేసేశాడు."

తిట్టడానికైనా టైము లేదు. ఆకురాయితో గొలుసు రాయడం మొదలుపెట్టాడు. అరగంట. గంట. పదకొండున్నరకి ఆకురాయి విరిగింది. గొలుసు మీద గీత పడింది, అంతే. కన్నీటి పొగ పెన్ను ఆ మూసిన గదిలో వాడితే చచ్చేది తామిద్దరే. కొవ్వొత్తి సన్నబడుతోంది, ఊపిరి బరువెక్కుతోంది. గోడలు దగ్గరకి జరుగుతున్నట్టు అనిపించింది లువాన్‌కి. భయం వేసింది. చావంటే కాదు. అవతల అమ్మ తన ఇల్లు ఇంకా తనదే అనుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది, అదీ భయం.

"నీళ్ళలో ముంచితే భాస్వరం ఏం చెయ్యలేదు," అంది తమారా. "కానీ రికార్డు గదిలో నీళ్ళెవడు పెడతాడు?"

లువాన్ ముక్కు పుటాలు అదిరాయి. ఆ వాసన! చెమ్మా లేదు, పాడూ లేదు. చలికాలం రాగానే అమ్మ వంటింట్లో వచ్చే వాసన అది. కింద అరలో చివరి వాల్యూముల్ని రెండు చేతులా లాగి పారేశాడు. వాటి వెనక మోకాలెత్తు మట్టి జాడీ. మీద రాయి. లోపల ముల్లంగి, నిండా ఉప్పు ఊట.

"ఓరి నీ తాతా!" అని కేకేశాడు.

ఎండాకాలమైనా చలికాలమైనా ఒకేలా చల్లగా ఉండే చోటు ఊరంతటికీ ఈ గదే. ఊరగాయ ఎక్కడ ఊరుతుందో ఈ షాంతుంగ్ ప్రాంతపు మనిషికి వేరే చెప్పాలా?

పన్నెండుకి ఎనిమిది నిమిషాలు. గొలుసు జానెడే, డబ్బా కిందికి దిగదు. జాడీయే పైకి ఎక్కాలి.

"పుస్తకాలు పేర్చు!" అన్నాడు లువాన్.

"వీటినేగా కాపాడాలి?"

"ఇప్పుడవి మనల్ని కాపాడనీ. తొందరగా!"

కోటు విసిరేసి తమారా పుస్తకాలు మోసింది. పది, ఇరవై, ముప్ఫై. అన్నిటికంటే పైన పడింది పదిహేడో వాల్యూము, తైదుంగ్. ఇద్దరూ జాడీని చెరోపక్కా పట్టుకుని లేపారు. ఊట ఒలికింది, గుట్ట ఊగింది, తమారా రష్యన్‌లో ఏదో బూతు తిట్టింది. ఇంకో నిమిషం. జాడీ మూతి అర అంచు కిందికి చేరింది. లువాన్ డబ్బాని తోశాడు. అది ముల్లంగి ముక్కల మధ్య బుడుంగున మునిగింది.

ఊటలో టిక్కుమని మూత తెరుచుకుంది. నాలుగు బుడగలు పైకి వచ్చాయి. ఆ వెంటనే ఎక్కడో దూరంగా ఫిరంగి పేలి నేల సన్నగా అదిరింది. జెండా మారింది.

పన్నెండుంపావుకి మూడు తాళాలూ తెరుచుకున్నాయి. ముందు కమిషనర్, పక్కన చ్యూ, వెనక పెద్దమనిషిలా దస్తావేజుల సంచీతో ఫాన్ రోస్ట్. లువాన్‌ని చూడగానే వాడు పరుగు లంకించుకున్నాడు. "సంతకానికి పెన్ను కావాలా సార్?" అంటూ లువాన్ అడ్డుపడి ఫౌంటెన్ పెన్ను వాడి మొహం మీద నొక్కాడు. కళ్ళు నులుముకుంటూ బోర్లా పడ్డవాణ్ణి సిపాయిలు మోసుకుపోయారు. వాడి జేబులో దొరికిన చెవితో గొలుసు విప్పి, డబ్బాని ఊటలోనే ఉంచి జాడీ కిందికి దించారు.

చ్యూ మొట్టమొదట పదిహేడో వాల్యూము తెరిచి ప్రతి పేజీ చూశాడు. అట్ట మీద ఉప్పు మరక తప్ప అక్షరం చెదరలేదు. లువాన్ చెవిలో చెప్పింది విని, ఒక చీటీ మీద "తమారా, తైదుంగ్ నివాసి" అని రాసి ముద్ర కొట్టి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది.

కమిషనర్ పుస్తకాలు స్వాధీనం చేసుకున్నట్టు సంతకం పెట్టాడు. తర్వాత ముక్కు మూసుకుని జాడీ వైపు చూశాడు. కొత్త ప్రభుత్వం మొదటి ఉత్తర్వు అక్కడికక్కడే జారీ అయింది: గదిలో తినుబండారాలు ఉంచరాదు.

"చిత్తం," అన్నాడు చ్యూ. మూడో నోటీసు తనే అంటించాడు.

"ఆ ముల్లంగి ఎవరూ తినకండి తాతా, విషం," అన్నాడు లువాన్ మెల్లగా.

"తెలుసులే, పాతిపెట్టేస్తాను. ఇంట్లో ఇంకో జాడీ ఉంది." చ్యూ గొంతు తగ్గించాడు. "జర్మన్లు నోటీసు పెట్టినప్పుడు రెండు వారాలు ఆగి తెచ్చాను. జపాన్ వాళ్ళప్పుడు వారం. వీళ్ళు మనవాళ్ళే కదా నాయనా, రేపే తెచ్చేస్తాను."